ఎడిన్‌బరోలో పాత పబ్బుల వెంట ఒక సాయంత్రపు నడక: ఎలా చేయాలి

ఎడిన్‌బరో పాత పట్టణంలో చాలా పబ్బుల నుదుటి మీద ఒక సంవత్సరమో, ఒక చారిత్రక పురుషుడి బొమ్మో కనిపిస్తుంది. వాటిని చూసి ఫొటో తీసుకుని, లోపలికి వెళ్ళి ఒక గ్లాసు తాగి బయటికి వచ్చేస్తే ఆ పబ్బును చూసినట్టు కాదు. నా అనుభవంలో ప్రతి పాత పబ్బుకూ మూడు వయసులు ఉంటాయి. పేరు వయసు ఒకటి, గోడల వయసు ఒకటి, లోపలి పనితనం వయసు మరొకటి. ఈ మూడూ ఒక్కచోట కలిసే పబ్బులు అరుదు. కొన్నిచోట్ల పేరు అయిదు వందల ఏళ్ళ నాటిదై, కుర్చీలు నిన్నమొన్నటివి కావచ్చు. మరికొన్నిచోట్ల పైకప్పు నుంచి నేల దాకా విక్టోరియా రాణి కాలం నాటిదే అయినా బయట ఏ ఆర్భాటమూ ఉండకపోవచ్చు. ఈ తేడాను కళ్ళతో పట్టుకోవడం నేర్పడానికే ఈ నడకను ఇలా అమర్చాను. మొత్తం దూరం 2 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. ఆగుతూ, కూర్చుంటూ, చూస్తూ నడిస్తే నాలుగైదు గంటలు పడుతుంది.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. హైదరాబాదులో పబ్బు అంటే రంగురంగుల దీపాలు, పక్కమనిషి మాట వినిపించనంత సంగీతం గుర్తుకొస్తాయి. స్కాట్లాండు పబ్బు దానికి పూర్తిగా భిన్నం. పబ్లిక్ హౌస్ అన్న మాటే కుదించుకుని పబ్ అయింది; అంటే నలుగురూ వచ్చి కూర్చునే ఇల్లు. సికింద్రాబాదులో పాత ఇరానీ హోటల్లో ఒక చాయ్ చెప్పి గంటసేపు పేపరు చదువుతూ కూర్చునే పెద్దమనుషులను తలచుకోండి. ఆ వాతావరణం దీనికి చాలా దగ్గర. మద్యం ముట్టనివారు కూడా ఈ నడకను నిస్సంకోచంగా చేయవచ్చు. సోడాలో నిమ్మరుచి కలిపి ఇమ్మంటే ఇస్తారు. 1901 నుంచి స్కాట్లాండులో తయారవుతున్న నారింజరంగు శీతల పానీయం ఐర్న్-బ్రూ చాలాచోట్ల దొరుకుతుంది. అడిగితే కుళాయి మంచినీళ్ళు ఉచితంగా ఇవ్వాలన్నది అక్కడి లైసెన్సు చట్టంలోనే ఉంది.

బయలుదేరే ముందు

రోజును జాగ్రత్తగా ఎంచుకోండి. ఆగస్టు నెలంతా ఎడిన్‌బరో ఉత్సవాల సందడి ఉంటుంది. 1947లో మొదలైన ఆ పండుగల కాలంలో పాత పట్టణంలో అడుగు తీసి అడుగు వేయడమే కష్టం, ఇక పబ్బులో పైకప్పు చూస్తూ నిలబడడానికి చోటు ఎక్కడ దొరుకుతుంది? కొత్త సంవత్సరపు వేడుక రోజులదీ అదే పరిస్థితి. మిగతా నెలల్లో మంగళవారమో బుధవారమో మధ్యాహ్నం మూడు గంటలకు మొదలుపెడితే భోజనాల రద్దీ తగ్గి, ఆఫీసులు వదిలే వేళ ఇంకా కాకుండా, పబ్బులు మీవే అన్నంత ఖాళీగా ఉంటాయి. డిసెంబరులో నాలుగు గంటలలోపే చీకటి పడుతుంది, జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది. వీధులు కూడా చూడాలనుకునేవారు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

బూట్లు మంచి పట్టు ఉన్నవి వేసుకోండి. పాత పట్టణపు వీధులు చదరపు రాళ్ళు పరిచినవి; తడిస్తే జారతాయి. గొడుగు కంటే తల కప్పే వానకోటు మేలు, ఎందుకంటే అక్కడి ఈదురుగాలికి గొడుగు నిలవదు. పాస్‌పోర్టు వెంట ఉంచుకోండి. మద్యం కొనడానికి 18 ఏళ్ళు నిండాలి. చూడడానికి 25 ఏళ్ళలోపు వారిగా అనిపించే ప్రతి ఒక్కరినీ వయసు రుజువు అడగడం స్కాట్లాండులో తప్పనిసరి నియమం. అడిగినందుకు నొచ్చుకోవద్దు. మన ఆధార్ కార్డు అక్కడ పనికిరాదు. పిల్లలు వెంట ఉంటే ప్రతి పబ్బు తలుపు దగ్గరా లోపలికి తీసుకురావచ్చా అని ముందే అడగాలి, ఎందుకంటే ఒక్కో లైసెన్సుకు ఒక్కో షరతు ఉంటుంది.

ఆ రోజు కారు ముట్టుకోకండి. స్కాట్లాండులో 2014 డిసెంబరు నుంచి, వాహనం నడిపేవారి రక్తంలో 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల ఆల్కహాలు మించకూడదు. ఇది ఇంగ్లండులోని 80 కంటే బాగా తక్కువ. ఒక పైంటు తాగి ఫరవాలేదులే అనుకోవడం ఇక్కడ ఏ విధంగానూ సరికాదు. రైలు స్టేషనూ ట్రామూ ఈ నడక ముగిసే చోటికి దగ్గరలోనే ఉండేలా దారి వేశాను.

ఎంత తాగాలన్న లెక్క కూడా ముందే వేసుకోవాలి. పైంటు అంటే 568 మిల్లీలీటర్లు. యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాలు. నాలుగు శాతం ఆల్కహాలు ఉన్న బీరు పైంటుకు రెండు యూనిట్లు దాటుతుంది; 25 మిల్లీలీటర్ల విస్కీ ఒక యూనిట్. వారానికి 14 యూనిట్లు దాటవద్దని బ్రిటన్ వైద్యాధికారుల సలహా. అందువల్ల ఆరు పబ్బులకు ఆరు పైంట్లు అన్న ఆలోచన మొదట్లోనే వదిలేయండి. మూడుచోట్ల అర పైంటు, ఒకచోట ఒక విస్కీ, మిగతాచోట్ల నీళ్ళో సోడానో తీసుకోవడం నా పద్ధతి. అర పైంటు అడగడం చిన్నతనం కాదు. అర పైంటు బీరూ పక్కన చిన్న విస్కీ గ్లాసూ కలిపి తీసుకోవడం స్కాట్లాండులో తరతరాల అలవాటు. దానికి వాళ్ళ భాషలో హాఫ్ అన్ ఎ హాఫ్ అని పేరే ఉంది.

కౌంటరు దగ్గర ఎలా మెలగాలి

నేను మొదటిసారి ఒక పబ్బుకు వెళ్ళినప్పుడు బల్ల దగ్గర కూర్చుని, ఎవరైనా వచ్చి అడుగుతారని చాలాసేపు ఎదురుచూశాను. ఎవరూ రాలేదు, రారు కూడా. పానీయం కావాలంటే మీరే కౌంటరు దగ్గరికి వెళ్ళాలి, అక్కడే చెప్పాలి, అక్కడే డబ్బు చెల్లించాలి, గ్లాసు మీరే తెచ్చుకోవాలి. కౌంటరు ముందు వరుస కనిపించదు కానీ వరుస లేదని కాదు; ఎవరు ముందు వచ్చారో కౌంటరు వెనక ఉన్నవారికి తెలుసు, పక్కన నిలబడ్డవారికీ తెలుసు. చెయ్యి ఊపడం, నోటు చూపించడం, పిలవడం మర్యాద కాదు. కౌంటరు వెనక మనిషి కళ్ళలోకి చూసి నిలబడితే చాలు. పక్కన ఉన్నవారు మీకంటే ముందు వచ్చారని తెలిస్తే వారిని చూపించండి; ఆ ఒక్క పనితో మీ మీద గౌరవం పెరుగుతుంది. కార్డు అన్నిచోట్లా చెల్లుతుంది, టిప్పు తప్పనిసరి కాదు. నలుగురు కలిసి వెళ్తే ఒక్కొక్కరు ఒక్కో విడత అందరికీ కొనడం ఆనవాయితీ. కానీ ఈ నడకలో ఆ పద్ధతి పెట్టుకుంటే వద్దనుకున్నవారు కూడా తాగవలసి వస్తుంది కాబట్టి, ఎవరిది వారే కొనుక్కుందామని ముందే అనుకోండి.

మొదటి మజిలీ: గ్రాస్‌మార్కెట్

కోట కొండ కింద పొడవుగా పరుచుకున్న గ్రాస్‌మార్కెట్ చౌకులో పడమటి కొసన నిలబడి మొదలుపెట్టండి. తల ఎత్తితే నల్లటి రాతి మీద కోట కనిపిస్తుంది. 1477 నుంచి ఇక్కడ సంత జరిగేది. పశువులు, గుర్రాలు, ఎండుగడ్డి. సంతకు వచ్చేవారికి బస కావాలి, బండ్లు తోలేవారికి తిండి కావాలి; ఈ చౌకులో ఇన్ని పబ్బులు ఎందుకున్నాయో అర్థం కావడానికి అంతకు మించిన వివరణ అక్కరలేదు.

కుడిచేతి వైపు కాకుండా కోట వైపు వరుసలో నడిస్తే వైట్ హార్ట్ ఇన్ వస్తుంది. 1516 అన్న సంవత్సరం చెప్పుకునే పబ్బు ఇదే. మూడు వయసుల పరీక్షను ఇక్కడే మొదలుపెట్టండి. ఆ సంవత్సరం సత్రం పరంపరకు సంబంధించినది. మీరు చూస్తున్న గోడలు అంత పాతవి కావు. కానీ ఈ సత్రానికి సాక్ష్యంగా నిలిచే మనుషులున్నారు. 1803లో కవి వర్డ్స్‌వర్త్, ఆయన చెల్లెలు డరొతీ స్కాట్లాండు యాత్రలో ఇక్కడే దిగారు. గోల లేదు, ఖర్చు కూడా ఫరవాలేదన్న అర్థంలో ఆమె తన యాత్రా జ్ఞాపకాల్లో రాసుకుంది. స్కాట్లాండు జాతీయ కవి రాబర్ట్ బర్న్స్ 1791లో చివరిసారి ఈ నగరానికి వచ్చినప్పుడు ఇక్కడ బస చేశాడని చెబుతారు. లోపల పైకప్పు దూలాలు తక్కువ ఎత్తులో ఉంటాయి. ఒక అర పైంటు తీసుకుని గోడవైపు కూర్చోండి.

అదే వరుసలో తూర్పుగా వెళ్తే ది లాస్ట్ డ్రాప్, దాని పక్కగా మ్యాగీ డిక్సన్ పేరున్న పబ్బు వస్తాయి. గ్రాస్‌మార్కెట్ సంతే కాదు, ఉరితీత స్థలం కూడా. లాస్ట్ డ్రాప్ అన్న పేరులో రెండు అర్థాలున్నాయి: గ్లాసులో చివరి చుక్క ఒకటి, ఉరికొయ్య మీద చివరి పతనం మరొకటి. ఈ రెండు పబ్బుల్లో కూర్చోవాలని నేను పట్టుబట్టను. బయట నిలబడి మ్యాగీ కథ చెప్పుకుంటే చాలు. మసల్‌బరోకు చెందిన ఈ చేపలమ్మే మనిషిని, గర్భం దాచిపెట్టిందన్న నేరానికి 1724లో ఇక్కడ ఉరితీశారు. బంధువులు పెట్టెలో పెట్టి ఊరికి తీసుకువెళ్తూ దారిలో ఆగినప్పుడు లోపలి నుంచి చప్పుడు వినిపించింది. ఆమె బతికే ఉంది. శిక్ష ఒకసారి అమలైపోయింది కాబట్టి మళ్ళీ ఉరితీయలేకపోయారు. ఆ తరువాత ఆమె దశాబ్దాల పాటు జీవించింది. ఆ నాటి చట్టం ఆమె పట్ల ఎంత క్రూరంగా ఉందో తలచుకుంటే, ఇప్పుడు ఆమె పేరుతో పబ్బు పలక వేలాడుతుండడం చూసి నాకు ప్రతిసారీ మనసు బరువెక్కుతుంది. ఇది పేరు మాత్రమే పాతదైన పబ్బుకు మంచి ఉదాహరణ. చౌకు తూర్పు కొసన, మత విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన కవెనంటర్ల స్మారకం ఉంది. ఉరికొయ్య నిలిచింది అక్కడే.

రెండవ మజిలీ: బో బార్

స్మారకం దాటగానే వెస్ట్ బో వీధి పైకి వంపు తిరుగుతుంది. ఆ వంపులోనే నీలిరంగు ముఖంతో బో బార్ కనిపిస్తుంది. ఒకే ఒక గది. సంగీతం లేదు, టీవీ లేదు. పాత బీరు కంపెనీల అద్దాలు, చెక్క గోడలు, కౌంటరు వెనక వరుసలు వరుసలుగా వందలాది సింగిల్ మాల్ట్ విస్కీలు. కౌంటరు వెనక ఉండే ఆ చెక్క అలమరను స్కాట్లాండులో గ్యాంట్రీ అంటారు. ఈ గదిలోకి అడుగుపెట్టినవారు ఇది వందేళ్ళ నాటిదని ప్రమాణం చేసి చెబుతారు. నిజానికి 1980ల చివరలో, పాత పద్ధతి పబ్బు ఎలా ఉండేదో తెలిసినవారు పాత సామగ్రితో దీన్ని ఇలా తీర్చిదిద్దారు. దీన్ని నేను మోసంగా భావించను. చేతిపని తెలిసినవారు శ్రద్ధతో చేసిన పునర్నిర్మాణం, పాడుపెట్టిన అసలుకంటే ఎక్కువ నేర్పుతుంది.

ఇక్కడ దగ్గరగా చూడవలసింది బీరు తోడే పరికరం. ఇంగ్లండులో పొడుగాటి చెక్క పిడిని ముందుకు లాగి బీరు తోడతారు. ఇక్కడ మాత్రం కౌంటరు మీద నిటారుగా నిలిచిన ఇత్తడి స్తంభాలు ఉంటాయి. వాటిని టాల్ ఫౌంట్ అంటారు. నేలమాళిగలో ఉన్న పీపాలోని బీరును గాలి ఒత్తిడితో పైకి తోసే ఈ విధానం స్కాట్లాండు సొంతం, ఇప్పుడు చాలా కొద్దిచోట్ల మాత్రమే మిగిలింది. పరిచారకుడు చిన్న పిడిని తిప్పగానే బీరు గ్లాసులోకి తెల్లటి పాలనురుగులా పొంగుతూ దిగి, అడుగు నుంచి మెల్లగా తేటపడుతూ అసలు రంగుకు వస్తుంది. ఆ అర నిమిషం గ్లాసు మీద నుంచి చూపు తిప్పకండి. ఈ బీరు చల్లగా ఉంటుంది కానీ మంచులా ఉండదు. పన్నెండు డిగ్రీల దగ్గర ఇవ్వడమే పద్ధతి. వెచ్చగా ఉందని తిరిగి ఇచ్చేయకండి.

బీర్ల పేర్లలో 70, 80 షిల్లింగులు అని కనిపిస్తే తికమకపడనక్కరలేదు. పందొమ్మిదో శతాబ్దంలో పీపా ధరను బట్టి బీరు ఘాటును గుర్తించేవారు. షిల్లింగులు పోయినా పేరు నిలిచింది. ఏల్ అంటే ఒక రకం బీరు; ఇండియా పేల్ ఏల్ అన్న బీరు పేరులోని ఇండియా మన దేశమే. ఎడిన్‌బరో కింది నీళ్ళలో ఖనిజాలు ఎక్కువ. ఆ గట్టినీరు లేతరంగు ఏల్‌కు బాగా పనికొచ్చింది. యంగర్, మెక్‌యూవన్ వంటి ఇక్కడి బీరు వ్యాపారులు ఓడలకెత్తించి మన రేవులకూ ఇతర వలస రాజ్యాలకూ పంపి సంపన్నులయ్యారు. విలియం మెక్‌యూవన్ ఇచ్చిన డబ్బుతో కట్టిన మెక్‌యూవన్ హాలులోనే ఇప్పుడు ఎడిన్‌బరో విశ్వవిద్యాలయపు పట్టాల ఉత్సవం జరుగుతుంది; అక్కడ చదువుకునే మన పిల్లలు పట్టా అందుకునేది ఆ కప్పు కిందే. మన దేశపు గొంతుల్లో పోసిన బీరు సొమ్ముకూ ఆ కప్పుకూ సంబంధం ఉందని గుర్తుపెట్టుకుని చూడండి.

మూడవ మజిలీ: లాన్‌మార్కెట్ సందులు

బో బార్ నుంచి విక్టోరియా వీధి వెంట పైకి నడిస్తే ఎడమవైపు రాతి మెట్లు వస్తాయి. అవి ఎక్కితే అప్పర్ బో మీదుగా పాత పట్టణపు ప్రధాన వీధి రాయల్ మైల్ మీదకు చేరతారు. మోకాళ్ళ నొప్పులున్నవారు మెట్లు వదిలి విక్టోరియా వీధి చివరి దాకా వెళ్ళి, జార్జి ది ఫోర్త్ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావచ్చు.

రాయల్ మైల్‌కు అటూ ఇటూ ఉన్న ఇరుకు సందులను క్లోజ్ అంటారు. లాన్‌మార్కెట్ భాగంలో ఎడమవైపు జేమ్స్ కోర్ట్ అన్న లోగిలి ఉంది. తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ ఇక్కడ నివసించాడు. ఆ తరువాత రచయిత జేమ్స్ బాస్వెల్ ఉన్నాడు, 1773లో ఇంగ్లీషు నిఘంటుకర్త డాక్టర్ జాన్సన్ అతని ఇంటికే అతిథిగా వచ్చాడు. ఆ లోగిలిలో కొన్ని మెట్లు దిగితే జాలీ జడ్జ్ అన్న చిన్న పబ్బు వస్తుంది. తల వంచి వెళ్ళండి. దూలాల మీద పూలూ పండ్లూ పదిహేడో శతాబ్దపు శైలిలో చిత్రించి ఉంటాయి. శైలి అన్న మాటను గమనించండి. ఆ కాలపు అసలు చిత్రాలు చూడాలంటే రెండడుగుల దూరంలో ఉన్న గ్లాడ్‌స్టోన్స్ ల్యాండ్ అన్న పాత ఇంటికి టికెట్టు కొని వెళ్ళాలి. 1620ల నాటి రంగులు అక్కడి చెక్క కప్పు మీద ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఇల్లు సాయంత్రం మూసేస్తారు కాబట్టి, వీలైతే ఉదయమే చూసుకుని, మధ్యాహ్నం ఈ పబ్బులో కూర్చుని పోల్చుకోండి. చలికాలమైతే ఈ మజిలీని మాత్రం వదులుకోవద్దు. ఇంత చిన్న గదిలో బయటి గాలి మరిచిపోయి కూర్చోవడం గొప్ప సుఖం.

కిందికి కొంచెం నడిస్తే మూలమీద డీకన్ బ్రోడీస్ టావర్న్. ఇక్కడ పేరే ప్రధానం. విలియం బ్రోడీ పేరున్న వడ్రంగి, వడ్రంగుల సంఘానికి పెద్ద, నగర పాలక మండలి సభ్యుడు. పగలు ధనవంతుల ఇళ్ళలో బీరువాలూ తాళాలూ బిగించేవాడు, వాటి తాళంచెవుల అచ్చులు తీసుకునేవాడు, రాత్రిళ్ళు అవే ఇళ్ళు దోచేవాడు. 1788లో ఎక్సైజు కార్యాలయం మీద పడ్డప్పుడు పథకం చెడింది. ఆమ్‌స్టర్‌డ్యామ్ దాకా పారిపోయినా పట్టుకొచ్చి అదే ఏడాది అక్టోబరు 1న ఉరితీశారు. అతను చేసిన ఒక బీరువా, రచయిత స్టీవెన్‌సన్ చిన్ననాటి పడకగదిలో ఉండేది. పగలొక మనిషి, రాత్రొక మనిషి అన్న ఊహ ఆ పిల్లవాడి మనసులో అలా పడి, పెద్దయ్యాక జెకిల్, హైడ్ కథగా మారిందంటారు. ఆ బీరువా ఇప్పుడు లాన్‌మార్కెట్‌లోనే, లేడీ స్టెయిర్స్ క్లోజ్‌లోని రచయితల మ్యూజియంలో ఉంది. పబ్బులోపలికి వెళ్ళకపోయినా ఫరవాలేదు కానీ ఆ బీరువాను చూడకుండా పోవద్దు.

నాలుగవ మజిలీ: వరల్డ్స్ ఎండ్

ఇక్కడి నుంచి హై స్ట్రీట్ వెంట దిగుడే. పది నిమిషాల నడకలో, సెయింట్ మేరీస్ వీధి మూలన వరల్డ్స్ ఎండ్ వస్తుంది. లోకం చివర అన్న ఈ పేరు గొప్ప కోసం పెట్టినది కాదు. 1513లో ఫ్లాడెన్ యుద్ధంలో స్కాట్లాండు రాజు నాలుగో జేమ్స్ చనిపోయి సైన్యం ఓడిపోయాక, ఇంగ్లీషువారు పైకి వస్తారన్న భయంతో నగరం చుట్టూ గోడ కట్టుకున్నారు. ఆ గోడకు ఇక్కడ నెదర్‌బో అన్న ద్వారం ఉండేది. బయటికి పోయి తిరిగి రావాలంటే సుంకం కట్టాలి. కట్టలేని పేదలకు లోకం ఇక్కడితో ముగిసేది. ద్వారాన్ని 1764లో కూల్చేశారు, కానీ పబ్బు ముందు కూడలిలో నేల మీద పొదిగిన ఇత్తడి గుర్తులు అది నిలిచిన చోటును చూపిస్తాయి. ముందు వాటిని వెతకండి, వాహనాలు చూసుకుంటూ వాటి వెంట కళ్ళతో గీత గీయండి, ఆ తరువాతే లోపలికి వెళ్ళండి.

భోజనానికి ఇది తగిన చోటు, ఎందుకంటే పబ్బుల్లో వంటగది కౌంటరు కంటే చాలా ముందే మూతపడుతుంది. ఎనిమిదిలోపు తినడం మంచిది. హ్యాగిస్ గురించి భయపడనక్కరలేదు. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులను ఓట్స్ గింజలతో, ఉల్లితో, మిరియాలతో కలిపి వండుతారు. బోటీ, కార్జం ఇష్టంగా తినే తెలంగాణ, రాయలసీమ వారికి ఆ రుచి పరాయిది కాదు. పక్కన బంగాళాదుంప ముద్ద, టర్నిప్ ముద్ద పెడతారు. శాకాహారులకు పప్పులు, గింజలతో చేసిన శాకాహార హ్యాగిస్ చాలా పబ్బుల్లో ఉంటుంది. 1984లో ఎడిన్‌బరోలోనే దాన్ని మొదట అమ్మకానికి పెట్టారు. కారం మాత్రం ఆశించకండి.

అయిదవ మజిలీ: కెఫే రాయల్

వరల్డ్స్ ఎండ్ ఎదురుగా ఉన్న జెఫ్రీ వీధిలోకి దిగితే అది వంపు తిరిగి మార్కెట్ వీధిలో కలుస్తుంది. అక్కడి ద్వారం గుండా వేవర్లీ స్టేషనులోకి వెళ్ళి, ప్లాట్‌ఫారాల మీది వంతెన దాటి, అవతల మెట్లెక్కితే ప్రిన్సెస్ స్ట్రీట్. పాత పట్టణం వెనకబడింది. 1767లో జేమ్స్ క్రెయిగ్ గీసిన పటం ప్రకారం కట్టిన కొత్త పట్టణంలోకి వచ్చారు. రోడ్డు దాటి వెస్ట్ రిజిస్టర్ వీధిలోకి వెళ్ళండి. ముందుగా వచ్చే గిల్‌ఫర్డ్ ఆర్మ్స్ తలుపు తీసి ఒక్కసారి పైకి చూడండి. పందొమ్మిదో శతాబ్దం చివరలో గచ్చుతో పోతపోసిన ఆ కప్పు అలంకారం కోసం నేను ఎందరినో అక్కడ ఆపాను.

తరువాత కెఫే రాయల్. ఈ నడక మొత్తానికి గుండెకాయ ఇదే కాబట్టి ఎక్కువ సమయం ఇక్కడ పెట్టుకోండి. మధ్యలో ద్వీపంలా గుండ్రంగా తిరిగిన కౌంటరు, చుట్టూ గోడలకు ఆనుకుని అర్ధచంద్రాకారపు తోలు సోఫాలు, వాటి పైన పింగాణీ పలకల మీద చిత్రించిన పెద్ద బొమ్మలు. ఆవిరి యంత్రపు జేమ్స్ వాట్, రైలింజను స్టీఫెన్‌సన్, విద్యుత్తు ఫారడే, అచ్చు యంత్రపు క్యాక్స్‌టన్, బెంజమిన్ ఫ్రాంక్లిన్, రాబర్ట్ పీల్. లండన్‌లోని డౌల్టన్ కంపెనీ కోసం జాన్ ఐర్ వీటిని చిత్రించాడు. దగ్గరికి వెళ్ళి చూస్తే ప్రతి బొమ్మా పదుల కొద్దీ చతురస్రపు పలకలుగా విడిపోతుంది. ఒక పలకలో సగం చెయ్యి, పక్క పలకలో మిగతా సగం. నాలుగడుగులు వెనక్కి వస్తే అతుకులు మాయమై మనిషి ముఖం మీద వెలుగు కనిపిస్తుంది. బల్లల దగ్గర కూర్చున్నవారి నెత్తిమీదుగా వంగి చూడకండి. ఖాళీ అయ్యేదాకా ఆగి, అనుమతి అడిగి చూడండి. నిలువుటద్దపు తెర అవతల ఆయిస్టర్ బార్ అన్న భోజనశాల ఉంది. అక్కడి రంగు అద్దాల కిటికీల్లో ఎనిమిది మంది క్రీడాకారులున్నారు, వారిలో క్రికెట్ ఆటగాడిని మనవాళ్ళు ఇట్టే గుర్తుపడతారు.

1960ల చివరలో పక్క దుకాణం విస్తరణ కోసం ఈ పబ్బును పోగొట్టుకోవలసిన పరిస్థితి వచ్చింది. నగరవాసులు వేల సంఖ్యలో సంతకాలు చేసి అడ్డుపడ్డారు. 1970లో దీన్ని అత్యున్నత శ్రేణి రక్షిత కట్టడంగా ప్రకటించారు. మన ఊళ్ళలో పాత సినిమా హాళ్ళు, పాత హోటళ్ళు ఒక్కొక్కటిగా నేలమట్టమవుతుంటే చూస్తూ ఊరుకున్నవాళ్ళలో నేనూ ఒకడిని కాబట్టి, ఆ సంతకాల కథ నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. మీ ఒక్క విస్కీ ఇక్కడ తీసుకోండి. స్కాచ్ అన్న పేరు పెట్టాలంటే అది స్కాట్లాండులోనే ఓక్ పీపాలో కనీసం మూడేళ్ళు ఉండాలి, ఆల్కహాలు 40 శాతానికి తగ్గకూడదు. ఐస్ వద్దని చెప్పి, చిన్న కూజాలో నీళ్ళు అడగండి. ముందు ఉత్తగా ఒక గుక్క, తరువాత నాలుగు చుక్కల నీళ్ళు కలిపి ఒక గుక్క తాగితే వాసన ఎలా విప్పారుతుందో తెలుస్తుంది. గ్లాసు ఎత్తేటప్పుడు గేలిక్ భాషలో స్లాంజె వా అనడం అక్కడి మర్యాద. ఆరోగ్యం బాగుండాలని దాని అర్థం.

చివరి మజిలీ: అబట్స్‌ఫర్డ్

సెయింట్ ఆండ్రూ స్క్వేర్ దక్షిణపు అంచు వెంట నడిచి రోజ్ స్ట్రీట్ తూర్పు కొసకు వస్తే అబట్స్‌ఫర్డ్ కనిపిస్తుంది. సర్ వాల్టర్ స్కాట్ ఇంటి పేరు దీనికి పెట్టారు. మీరు దాటివచ్చిన వేవర్లీ స్టేషను పేరు కూడా ఆయన నవలల నుంచి వచ్చిందే. 1902 నాటి నల్లటి మహాగని చెక్క కౌంటరు గది నడుమ కోటలా నిలబడి ఉంటుంది. పేరుకూ గోడలకూ పనితనానికీ ఇక్కడ ఎక్కువ తేడా లేదు; అందుకే దీన్ని చివర పెట్టాను. కౌంటరు అంచు మీద చెయ్యి వేసి, చెక్కడపు పనిని వేలితో తడిమి చూడండి.

ఇరవయ్యో శతాబ్దం మధ్యలో హ్యూ మెక్‌డర్మిడ్, నార్మన్ మెకేగ్ వంటి స్కాట్లాండు కవులు ఇక్కడా, ఇదే వీధిలో హానొవర్ స్ట్రీట్ మూలనున్న మిల్న్స్ బార్‌లోనూ, కెఫే రాయల్‌లోనూ కలుసుకుని వాదించుకునేవారు. కౌంటరు మూసే ముందు గంట కొడతారు. అది చివరి ఆర్డరుకు పిలుపు. గంట కొట్టాక కొత్తగా అడగవచ్చు, మూసేశాక మాత్రం బతిమాలకూడదు. ట్రామ్ స్టాపు సెయింట్ ఆండ్రూ స్క్వేర్‌లో రెండు నిమిషాల దూరంలో ఉంది. విమానాశ్రయం దాకా అదే వెళ్తుంది.

మర్నాడు ఉదయం తీరిక ఉంటే క్వీన్ స్ట్రీట్‌లోని స్కాటిష్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీకి వెళ్ళండి, ప్రవేశం ఉచితం. అలెగ్జాండర్ మొఫట్ 1980లో వేసిన పోయెట్స్ పబ్ అన్న చిత్రం ఆ గ్యాలరీ సేకరణలోది. ప్రదర్శనలో ఉందో లేదో ద్వారం దగ్గర అడగండి. ఆ కవులందరూ ఒకే పబ్బులో మెక్‌డర్మిడ్ చుట్టూ కూర్చున్నట్టు చిత్రించాడు. అలాంటి పబ్బు ఎక్కడా లేదు. మిల్న్స్‌నూ అబట్స్‌ఫర్డ్‌నూ కెఫే రాయల్‌నూ కలిపి చిత్రకారుడు ఒక్క గదిగా చేశాడు. ముందురోజు సాయంత్రం చూసిన గదుల్లో ఏది ఎక్కడ కలిసిందో ఆ చిత్రం ముందు నిలబడి వెతకండి.